పిల్లల్ని కనే చిన్న సముద్ర నక్షత్రం

ఈ సంచికలో సైన్సు పేజీ నా వంతు. నేను ఒక చాలా చిన్న జంతువు గురించి రాస్తున్నాను. పక్కన దాని బొమ్మ గీశాను. బొమ్మ అరచేయంత వుంది గాని అసలు జంతువు అంత వుండదు. బాగా పెరిగినది కూడా 15 మిల్లీమీటర్లకు మించదు. అంటే ఒక చింతపిక్క అంత. పెద్దగా గీయకపోతే వెనక నిలబడే చెల్లెళ్ళకు కనపడదని అలా గీశాను.

దాని శాస్త్రీయ నామం పార్వులాస్ట్రా వివిపారా. పేరు చూసి భయపడకండి. లాటిన్ భాషలో పార్వులస్ అంటే బుల్లిది, ఆస్ట్రా అంటే నక్షత్రం, వివిపారా అంటే బతికున్న పిల్లల్ని కనేది. మూడూ కలిపితే "పిల్లల్ని కనే బుల్లి నక్షత్రం" అని అర్థం. పేరులోనే దాని కథ అంతా వుంది.

చేప కాదు

దీన్ని స్టార్‌ఫిష్ అంటారు కాబట్టి చాలామంది చేప అనుకుంటారు. చేపకు వెన్నెముక వుంటుంది, మొప్పలు వుంటాయి, రక్తం వుంటుంది. సముద్ర నక్షత్రానికి ఈ మూడూ లేవు. ఇది ఇకైనోడెర్మేటా అనే వర్గానికి చెందిన జీవి. కంటకచర్మములు అని మన పుస్తకంలో వుంది కదా, అవే. కంటకం అంటే ముల్లు. చర్మం గరుగ్గా ముళ్ళు ముళ్ళుగా వుంటుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. ప్రపంచంలో సముద్ర నక్షత్రాల జాతులు దాదాపు 1,900 వున్నాయి. అన్నీ ఉప్పునీళ్ళలోనే. మంచినీటిలో బతికే సముద్ర నక్షత్రం ఒక్కటి కూడా లేదు. అందుకని మన గెడ్డలో ఎంత వెతికినా దొరకదు.

దీనికి తల అనేది లేదు, మెదడు లేదు. ఐదు భుజాలు వుంటాయి. ఒక్కొక్క భుజం చివర ఒక చిన్న కంటిచుక్క వుంటుంది. దానితో బొమ్మలు చూడలేదు గాని వెలుగు, నీడ తెలుసుకుంటుంది. నోరు కింది వైపు వుంటుంది. పై వైపు జల్లెడ లాంటి చిన్న పలక ఒకటి వుంటుంది. దాని నుంచి ఒంట్లో గొట్టాల వరస మొదలై ఐదు భుజాల్లోకీ పోతుంది. ఆ గొట్టాల్లో వుండేది ఉప్పునీరే. దీనినే జలప్రసరణ వ్యవస్థ అందురు.

కింది వైపు నాళికా పాదాలు వరసలుగా వుంటాయి. ఒంట్లో నీళ్ళ ఒత్తిడి మారినప్పుడు ఆ పాదాలు సాగుతాయి, ముడుచుకుంటాయి. పాదం చివర ఒక జిగురు పదార్థం వస్తుంది, దానితో రాయికి అంటుకుంటుంది. మళ్ళీ ఇంకో పదార్థం వచ్చి ఆ జిగురును విడిపిస్తుంది. అంటుకోవడం, విడవడం, అంటుకోవడం, విడవడం. అలా నడుస్తుంది. నత్త కూడా దీని కంటే నయం అనిపిస్తుంది. కానీ అల వచ్చి కొట్టినా మాత్రం రాయిని వదలదు.

తినే పద్ధతి ఇంకా విచిత్రం. మనం అన్నాన్ని కడుపులోకి పంపిస్తాం. ఇది కడుపునే బయటకు పంపిస్తుంది! రాయి మీద పాకుడు, కంటికి కనపడని సూక్ష్మజీవుల పొర వుంటాయి. వాటి మీద తన జీర్ణాశయాన్ని పరిచి, అక్కడే అరిగించుకొని, మళ్ళీ లోపలికి లాక్కుంటుంది. మన మెస్సులో ఇలా చేస్తే కంచాలు కడిగే పని వుండదు.

భుజాలు పొడుగ్గా వుండవు. పొట్టిగా, లావుగా వుంటాయి. దూరం నుంచి చూస్తే ఐదు మూలలున్న బిస్కెట్టు లాగా కనిపిస్తుంది. రంగు నారింజ కలిసిన పసుపు. నా దగ్గర నారింజ రంగు పెన్సిలు లేదు, పసుపు మీద ఎరుపు రుద్దాను.

ఎక్కడ వుంటుంది?

ఆస్ట్రేలియా మ్యాపు తీయండి. కింద దక్షిణం వైపు ఒక ద్వీపం వుంటుంది. అదే టాస్మానియా. ముఖ్యపట్టణం హోబార్ట్. ఆ ద్వీపంలో కూడా అన్ని వైపులా కాదు, ఆగ్నేయ మూల తీరంలో కొద్ది చోట్ల మాత్రమే ఈ నక్షత్రం వుంది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మన విశాఖపట్నం సముద్రంలో కూడా సముద్ర నక్షత్రాలు వున్నాయి, జాలర్ల వలల్లో పడతాయి. కానీ అవి వేరే జాతులు.

ఆ ద్వీపానికి ఇంకో పేరు కూడా వుంది. అక్కడి ఆదివాసులు దాన్ని లుట్రువిటా అంటారు. తెల్లవాళ్ళు 1803లో అక్కడ కాపురం పెట్టారు. అంతకు ముందు వేల ఏళ్ళుగా ఆ తీరాల్లో ఆదివాసులే వున్నారు. సముద్రం రాళ్ళ మధ్య గుల్లలు, ఆల్చిప్పలు ఏరుకొని తినేవారు. వాళ్ళు తిని పారేసిన గుల్లల కుప్పలు తీరం పొడుగునా ఇప్పటికీ వున్నాయి. తెల్లవాళ్ళు వచ్చాక ఎంతోమంది చనిపోయారు, భూములు పోయాయి. కానీ అందరూ పోలేదు. వాళ్ళ సంతతి వారు ఇప్పుడూ వున్నారు, పాత మాటలు ఏరి తమ భాషను మళ్ళీ నేర్చుకుంటున్నారు. ఇది సైన్సు కాదు కదా అని మీరు అనొచ్చు. ఒక జంతువు గురించి చెప్పేటప్పుడు అది వున్న నేల ఎవరిదో కూడా చెప్పాలని నాకనిపించింది.

ఈ నక్షత్రం లోతు సముద్రంలో వుండదు. ఆటుపోట్ల మధ్య వుంటుంది. సముద్రం చూడని చెల్లెళ్ళ కోసం చెప్తున్నాను. చంద్రుడు, సూర్యుడు భూమి మీది నీళ్ళను లాగుతాయి. అందులో చంద్రుడి లాగుడు ఎక్కువ. దాని వల్ల సముద్రం ఒడ్డుకు ఎక్కుతుంది, మళ్ళీ దిగిపోతుంది. ఎక్కడాన్ని పోటు అని, దిగడాన్ని ఆటు అని అంటారు. సాధారణంగా ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. పోటులో మునిగి, ఆటులో బయటపడే నేలను ఆటుపోట్ల మండలం అంటారు. ఒకే చోటు రోజులో కొంతసేపు సముద్రం, కొంతసేపు నేల.

అక్కడ బతకడం కష్టం. నీళ్ళు దిగిపోతే ఎండ కొడుతుంది, ఒళ్ళు ఆరిపోతుంది. వాన పడితే మంచినీళ్ళు మీద పడతాయి, అవి దీనికి పడవు. చలికాలం చల్లగాలి కొడుతుంది. పక్షులు వస్తాయి. మన నక్షత్రం ఈ మండలంలో పై భాగంలోనే వుంటుంది. అంటే నీళ్ళు ముందుగా వదిలిపెట్టి పోయే చోటు. అందుకని పెద్ద అలలు రాని మరుగు తీరాల్లో, రాళ్ళ కింద తడిలో, చిన్న చిన్న గుంటల్లో దాక్కుంటుంది. దానికి రాయే ఇల్లు. రాయి కింద తడి వున్నంత వరకు దానికి ప్రాణం వుంటుంది.

గుడ్డు పెట్టదు, పిల్లను కంటుంది

సముద్ర నక్షత్రాల్లో ఎక్కువ జాతులు ఏం చేస్తాయంటే, ఆడవి గుడ్లను, మగవి శుక్రకణాలను నీళ్ళలోకి వదిలేస్తాయి. అవి నీళ్ళలోనే కలుస్తాయి. గుడ్డు నుంచి డింభకం వస్తుంది. కప్పకు తోకకప్ప ఎలాగో దీనికి డింభకం అలాగ. తల్లి పోలిక ఏమీ వుండదు. అది సముద్రంలో ఈదుతూ, అలలతో కొట్టుకుపోతూ కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు బతుకుతుంది. తర్వాత ఎక్కడో ఒక రాయి మీద దిగి, రూపవిక్రియ చెంది, బుల్లి నక్షత్రం అవుతుంది. లక్షల్లో గుడ్లు పెడితే నక్షత్రం అయ్యేవి ఏవో కొన్ని. మిగిలినవి చేపలకూ ఇతర జీవులకూ మేత.

మన బుల్లి నక్షత్రం అలా చెయ్యదు. ఇది ఉభయలింగ జీవి. ఒకే జంతువులో గుడ్లు, శుక్రకణాలు రెండూ తయారవుతాయి. గుడ్లను బయటకు వదలదు. ఒంటి లోపల బీజకోశాలలోనే అవి ఫలదీకరణ చెందుతాయి. డింభక దశ కూడా అక్కడే అయిపోతుంది. సముద్రాన్ని చూడకుండానే డింభకం నక్షత్రంగా మారిపోతుంది. అప్పుడు తల్లి వీపు మీద వున్న సన్నని రంధ్రాల గుండా పిల్లలు ఒక్కొక్కటే బయటకు వస్తాయి. ఐదు భుజాలతో, నాళికా పాదాలతో, పూర్తి నక్షత్రంగా వస్తాయి. వచ్చిన వెంటనే తల్లి పక్కన రాయి మీద పాకడం మొదలుపెడతాయి.

మన పుస్తకంలో గుడ్లు పెట్టేవాటిని అండోత్పాదకాలు, పిల్లల్ని కనేవాటిని శిశోత్పాదకాలు అని చదివాం. ఆవు, మేక, గబ్బిలం శిశోత్పాదకాలు అని పరీక్షలో రాస్తాం. ఎముకే లేని, తలే లేని, చింతపిక్క అంత జీవి కూడా ఆ జాబితాలో వుందని ఎవరైనా అనుకుంటారా? ఆ 1,900 జాతుల్లో ఇలా బీజకోశంలోనే పిల్లల్ని పెంచేవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మాత్రమే.

ఈ జాతిని 1969లో డార్ట్‌నాల్ అనే శాస్త్రవేత్త మొదటిసారి వివరించి పేరు పెట్టారు. అప్పుడు పెట్టిన పేరు పాటిరియెల్లా వివిపారా. 2004లో శాస్త్రవేత్తలు దీని దగ్గరి చుట్టాలను వేరే ప్రజాతిగా విడదీసి పార్వులాస్ట్రా అన్నారు. ఇంటిపేరు మారింది, సొంత పేరు అలాగే వుంది.

లోపల జరిగే పోట్లాట

ఇక్కడ ఒక భయంకరమైన సంగతి చెప్పాలి. చిన్న తరగతుల వాళ్ళు కావాలంటే ఈ భాగం వదిలెయ్యండి.

ఈ నక్షత్రం గుడ్డు చాలా చిన్నది. మిల్లీమీటరులో ఏడో వంతు కూడా సరిగా వుండదు. కోడిగుడ్డులో పచ్చసొన వుంటుంది కాబట్టి పిల్ల దాన్ని తిని పెరుగుతుంది. ఇంత చిన్న గుడ్డులో పిల్లకు సరిపడా తిండి వుండదు. మన లాగా తల్లి పేగు నుంచి ఆహారం అందే ఏర్పాటూ లేదు. మరి పిల్లలు దేన్ని తిని పెరుగుతాయి?

ఒకదాన్నొకటి తింటాయి. తల్లి లోపలే, బీజకోశంలోనే, ముందు నోరు తెరుచుకున్న పిల్ల పక్కనున్న గుడ్లను, డింభకాలను, తన కంటే చిన్న తోబుట్టువులను తింటుంది. సిడ్నీ విశ్వవిద్యాలయంలో పనిచేసే మరియా బర్న్ అనే శాస్త్రవేత్త ఈ సంగతిని పరిశోధించి 1996లో ప్రచురించారు. అందుకనే పుట్టిన పిల్లలన్నీ ఒకే సైజులో వుండవు. కొన్ని ఒక్క మిల్లీమీటరు వుంటాయి, అంటే చోడి గింజ కన్నా చిన్నవి. కొన్ని దానికి నాలుగైదు రెట్లు వుంటాయి. ఎక్కువ తిన్నది పెద్దది.

ఇది చదివినప్పుడు నాకు కడుపులో తిప్పింది. ఇది పాపం కదా అని కూడా అనుకున్నాను. తర్వాత ఆలోచించాను. సముద్రంలోకి వదిలేసిన లక్ష గుడ్లలో దాదాపు అన్నీ చేపల నోట్లోకే పోతాయి. ఇక్కడ కొన్ని గుడ్లు తోబుట్టువు నోట్లోకి పోతున్నాయి. దానికి మంచి, చెడు అనేది లేదు. మెదడే లేదు. మంచి చెడు అనేవి మనకు వున్నాయి కాబట్టి మనం చెల్లికి అరటిపండులో సగం పెడతాం. దానికి ఆ అవకాశం లేదు.

దీని చుట్టాలు

ఒక్క కుటుంబంలోనే ఎన్ని పద్ధతులు వున్నాయో చూడండి.

మొదటిది పార్వులాస్ట్రా ఎగ్జిగ్వా. ఇది రెండు సెంటీమీటర్ల దాకా వుంటుంది. ఆగ్నేయ ఆస్ట్రేలియాలోనూ, చాలా దూరంలో వున్న దక్షిణ ఆఫ్రికా తీరంలోనూ వుంది. దీన్ని 1816లోనే లామార్క్ వివరించాడు. జిరాఫీ మెడ ఎందుకు పొడుగైంది అని చెప్పిన ఆ లామార్కే, పదో తరగతి అక్కలకు తెలుసు. ఈ నక్షత్రం గుడ్లను నీళ్ళలోకి వదలదు, పిల్లలనూ కనదు. గుడ్లను రాళ్ళ అడుగున అంటిస్తుంది. పిల్లలు అక్కడే పెరిగి, ఈదకుండానే నక్షత్రాలవుతాయి. అంటే ఇది మధ్య మెట్టు మీద నిలబడినట్టు.

రెండవది పార్వులాస్ట్రా పార్వివిపారా. దక్షిణ ఆస్ట్రేలియాలో అయిర్ ద్వీపకల్పం పడమటి తీరంలో 1975లో దొరికింది. ఇది ప్రపంచంలోనే అతి చిన్న సముద్ర నక్షత్రంగా రికార్డు అయింది. వెడల్పు 9 మిల్లీమీటర్ల కంటే తక్కువ. మన యూనిఫాం చొక్కా గుండీ మీద కూర్చోబెట్టవచ్చు. ఇది కూడా పిల్లల్నే కంటుంది, దీని లోపల కూడా అదే పోట్లాట.

మూడవ సంగతి క్వీన్స్‌లాండ్ తీరం నుంచి. అక్కడ క్రిప్టాస్టెరినా అనే ప్రజాతిలో రెండు అక్కచెల్లెళ్ళ జాతులు వున్నాయి. చూడటానికి రెండూ ఒకేలా వుంటాయి. ఒకదానిలో ఆడ, మగ వేరు, గుడ్లను నీళ్ళలో వదులుతాయి. రెండో దానిలో ఒకే జంతువు ఆడా మగా, తన గుడ్లను తానే ఫలదీకరించుకొని పిల్లల్ని కంటుంది. ఈ రెండూ ఒకే జాతి నుంచి విడిపోయి దాదాపు 6,000 సంవత్సరాలే అయిందని 2012లో శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. పరిణామం అంటే కోట్ల సంవత్సరాలు పడుతుందని మనం అనుకుంటాం. ఆరు వేల ఏళ్ళంటే మనుషులు అప్పటికే వ్యవసాయం చేస్తున్నారు. అంత తక్కువ కాలంలో ఒక జీవి పిల్లల్ని కనే పద్ధతే మారిపోయింది!

దూరం పోలేని జీవి

పిల్లల్ని కనడం వల్ల లాభం వుంది. పిల్లను చేపలు తినవు, అలలు కొట్టుకుపోవు. తల్లి బతికిన రాయి దగ్గరే పుడుతుంది కాబట్టి చోటు మంచిదో కాదో చూసుకునే పని లేదు. తల్లి బతికిందంటే మంచిదే.

నష్టం కూడా అదే. ఈదే డింభకం లేదు కాబట్టి ఎవరూ దూరం పోరు. పుట్టిన పిల్ల రాయి నుంచి రాయికి పాకుతుంది, అంతే. ఒక గుంపుకీ ఇంకో గుంపుకీ మధ్య ఇసుక తీరమో లోతు నీళ్ళో వుంటే, ఇటువాళ్ళు అటు పోలేరు. ఒక గుంపు చనిపోతే, పక్క తీరం నుంచి కొత్తవి వచ్చి ఆ చోటు నింపవు. ఈదే డింభకాలున్న జాతులైతే ఒక చోట పోయినా ఇంకో చోట నుంచి వస్తాయి.

ఇంకో సంగతి. బయటవాటితో కలవకుండా తమలో తామే పుడుతూ వుంటే అన్నీ ఒకేలా తయారవుతాయి. 2013లో ఈ పిల్లల్ని కనే నక్షత్రాల జన్యువులను పరీక్షించి చూస్తే వాటిలో తేడాలు దాదాపు లేవని తేలింది. ఇది ఎందుకు ప్రమాదమో మా ఊళ్ళో ముసలమ్మను అడిగినా చెప్తుంది. విత్తనాల పండుగ నాడు ఒక్క రకం గింజే తేరు. చోళ్ళు, సామలు, కొర్రలు, కందులు అన్నీ తెస్తారు. చోళ్ళలోనే త్వరగా పండేవి, ఆలస్యంగా పండేవి వేరువేరుగా దాస్తారు. వాన ముందొస్తే ఒకటి పోతుంది, వెనకొస్తే ఇంకోటి పోతుంది, ఏదో ఒకటి మిగులుతుంది. ఒక్కటే రకం వుంటే, దానికి పడని ఏడాది వచ్చినప్పుడు గాదె ఖాళీ. ఈ నక్షత్రాల దగ్గర దాచుకున్న వేరే గింజ లేదు.

దాని మీదికి వస్తున్నవి

హోబార్ట్ దగ్గర పిట్ వాటర్ అనే ఉప్పునీటి ప్రాంతం వుంది. ఈ నక్షత్రం వున్న చోట్లలో అది ఒకటి. 1982 నుంచి ఆ చోటు రామ్‌సార్ జాబితాలో వుంది, అంటే అంతర్జాతీయంగా విలువైన చిత్తడి నేల. కానీ అది నగరానికి దగ్గర. నీళ్ళకు అడ్డంగా కట్టలు పోసి వాటి మీద రోడ్డు వేశారు, చుట్టూ ఇళ్ళు వున్నాయి. రోడ్డు వెడల్పు చెయ్యాలన్నా, ఒడ్డుకు గోడ కట్టాలన్నా, ముందు కదిలేది రాళ్ళే. మనకు అది రాళ్ళ కుప్ప. దానికి ఊరు.

బయటి నుంచి వచ్చిన జంతువులు కూడా ఇబ్బంది. న్యూజిలాండ్ నుంచి ఒక సముద్ర నక్షత్రం వచ్చింది. ఆల్చిప్పల సరుకుతో కలిసి వచ్చిందని భావిస్తున్నారు. దాని డింభకాలు ఈదుతాయి, అందుకని బాగా వ్యాపించింది. అదే రాళ్ళ కింద చోటు కావాలి దానికి కూడా.

ఇంకొకటి జపాను వైపు నుంచి వచ్చింది. ఉత్తర పసిఫిక్ సముద్ర నక్షత్రం అంటారు. 40 సెంటీమీటర్ల పైన పెరుగుతుంది. సరుకు లేని ఓడలు ఊగిపోకుండా అడుగున సముద్రపు నీళ్ళు నింపుకుంటాయి, రేవులో ఆ నీళ్ళు వదిలేస్తాయి. ఆ నీళ్ళలో డింభకాలుగా వచ్చి 1980లలో టాస్మానియా చేరింది. ఒక్క ఆడది కోటి పైన గుడ్లు పెట్టగలదు. గుల్లలు, ఆల్చిప్పలు తినేస్తుంది. చూశారా, ఒకటి సముద్రాలు దాటి వచ్చి ఊరంతా తనదే అంటుంది. ఇంకోటి పక్క ఒడ్డుకు కూడా పోలేదు. రెండూ సముద్ర నక్షత్రాలే.

ఇక సముద్రం వేడెక్కుతోంది, మట్టం పెరుగుతోంది. నీళ్ళు పైకి వస్తే ఈ జీవి కూడా నెమ్మదిగా పైకి పాకాలి. వెనక సిమెంటు గోడ వుంటే ఎక్కడికి పాకుతుంది?

మా పెదనాన్న వాళ్ళ ఊరు ఒక జలాశయం కింద పోయింది. వాళ్ళు తట్టా బుట్టా, కోళ్ళు, చోడి విత్తనాలు పట్టుకొని కొత్త చోటుకు నడిచారు. అక్కడ ఇళ్ళు వరసగా వున్నాయి గాని అడవి లేదు, గెడ్డ లేదు. మా పెద్దమ్మ ఇప్పటికీ "నీళ్ళలో మన చింతచెట్టు వుంది" అంటుంది. మనిషికి కాళ్ళున్నాయి, నోరుంది, అర్జీ పెట్టుకోవచ్చు. అయినా అంత బాధ. ఈ నక్షత్రానికి కాళ్ళున్నాయి గాని అవి రాయిని పట్టుకోవడానికే.

ఒక మంచి సంగతి కూడా చెప్పాలి. టాస్మానియాలో 1995లో చేసిన చట్టం వుంది, ఆస్ట్రేలియా మొత్తానికి 1999లో చేసిన చట్టం వుంది. రెండింటి జాబితాల్లోనూ ఈ చింతపిక్క జీవి పేరు రాశారు. దాని రాళ్ళ దగ్గర ఏదైనా కట్టాలంటే ముందు దాని సంగతి చూడాలి. ఒక దేశం చట్టంలో ఇంత చిన్న ప్రాణికి చోటు దొరకడం నాకు చాలా నచ్చింది.

"దీని వల్ల ఏటి లాభం?"

నేను ఇది రాస్తుంటే ఎనిమిదో తరగతి చెల్లి ఒకర్తి వెనకాల నిలబడి చదివి "అక్కా, దీని వల్ల మనకేటి లాభం? తినొచ్చా? మందు అవుద్దా?" అని అడిగింది. మంచి ప్రశ్నే.

తినలేం. మందు కూడా కాదు. రాళ్ళ మీది పాకుడు తింటుంది, అది దాని పని. శాస్త్రవేత్తలకు మాత్రం దీనితో పెద్ద పని వుంది. గుడ్లు పెట్టడం నుంచి పిల్లల్ని కనడం దాకా ప్రాణులు ఎలా వచ్చాయి అని తెలుసుకోవాలంటే, అన్ని మెట్లూ ఒకే కుటుంబంలో కనిపించే ఇలాంటి జీవులు కావాలి. మెట్లలో ఒకటి విరిగిపోతే ఆ దారి మనకు ఎప్పటికీ తెలీదు.

ఇంకో జవాబు నాది. లాభం వుంటేనే వుండనిస్తాం అంటే, మన గురించి కూడా ఎవరో ఎక్కడో అదే ప్రశ్న అడుగుతారు. కొండ మీద పది గడపల ఊరు, దాని వల్ల ఏం లాభం అని. కాబట్టి ఆ ప్రశ్న అడిగే ముందు ఒకసారి ఆలోచించాలి.

మనం చెయ్యగలిగినది

టాస్మానియా మనకు చాలా దూరం. కానీ రాళ్ళు మనకీ వున్నాయి. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు గెడ్డలో పీతల కోసం రాళ్ళు తిప్పుతాం. తిప్పిన రాయిని అలాగే వదిలేసి పోతాం. ఆ రాయి అడుగున తడి మీద బతికే పురుగులు, నత్తలు, గుడ్లు ఎండకు ఆరిపోతాయి. సముద్రం ఒడ్డున కూడా ఇదే నియమం చెప్తారు: రాయి ఎత్తితే నెమ్మదిగా ఎత్తు, చూడు, అది ఏ వైపు వుందో ఆ వైపే మళ్ళీ పెట్టు. మా తాత ఈ నియమం ఏ పుస్తకంలోనూ చదవలేదు, అయినా పీత పట్టాక రాయిని మళ్ళీ పెట్టేస్తాడు. అడిగితే "రేపు పీత ఎక్కడ వుంటాది మరి?" అంటాడు.

విహారయాత్రకు సముద్రానికి తీసుకెళ్తే, రాళ్ళ మీద సముద్ర నక్షత్రం కనిపిస్తే పీకకండి. అది గట్టిగా అంటుకొని వుంటుంది, లాగితే నాళికా పాదాలు తెగిపోతాయి. జ్ఞాపకంగా ఎండబెట్టి తెచ్చుకుంటే రంగు పోతుంది, వాసన వస్తుంది, పెట్టెలో బట్టలన్నీ పాడవుతాయి. వంగి చూడండి, బొమ్మ గీసుకోండి.

చదివారు కదా, ఇప్పుడు చెప్పండి

1. సముద్ర నక్షత్రం చేప కాదు అనుటకు మూడు కారణాలు తెల్పుము.
2. ఆటుపోట్ల మండలం అనగానేమి?
3. పార్వులాస్ట్రా వివిపారా పిల్లలు ఒకే సైజులో ఎందుకు వుండవు?
4. ఈదే డింభకం లేకపోవడం వల్ల ఒక లాభం, ఒక నష్టం రాయుము.
5. మీ ఊళ్ళో మాత్రమే దొరికే చెట్టు గాని, చేప గాని, పురుగు గాని వుందా? దాన్ని మీ ఇంటి భాషలో ఏమంటారు?

మొదటి నాలుగింటి జవాబులు ఈ వ్యాసంలోనే వున్నాయి. ఐదవ దానికి జవాబు నా దగ్గర లేదు, మీ దగ్గరే వుంది. కాగితం మీద రాసి, వీలైతే బొమ్మ గీసి, గోడపత్రిక పెట్టెలో వెయ్యండి. తప్పులున్నా ఫరవాలేదు. వచ్చే సంచికలో మీ పేర్లతో అతికిస్తాం.

ఇట్లు,
మీ సోదరి,
తొమ్మిదవ తరగతి